మురుగుకు పొలిమేర లేదు

ఇంటి పన్ను కట్టినప్పుడు అసలు పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు అని ఇంకో పద్దు కూడా కడతాం. రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం ప్రకారం ఆ పైసలు ఊళ్లో ఉండిపోవు, జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరతాయి. పుస్తకం ఒక్క ఊరి సొత్తు కాదని మన పన్నుల వ్యవస్థ ఆనాడే ఒప్పుకుంది. మురుగునీటి సంగతిలో మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆ లోటు కోనసీమకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గౌతమి, వశిష్ట పాయల మధ్య, సముద్రాన్ని ఆనుకుని ఉన్న నేల ఇది. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువల ద్వారా నీళ్లు ఇచ్చింది. వచ్చిన నీరు పోవడానికి మాత్రం డ్రెయిన్లే దిక్కు. వాలు తక్కువ కనుక కింద ఒకచోట పూడిక పడితే పైన పది ఊళ్ల చేలు మునుగుతాయి. 2011లో ఇక్కడి రైతులు సార్వా వేయకుండా పంట విరామం పాటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు డ్రెయిన్ల దుస్థితి కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్‌ది ఇంకో కథ. పోటు సమయంలో ఉప్పునీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని తోటల్లో చేరడంతో, కేశనపల్లి పరిసరాల్లో కొబ్బరిచెట్లు మొవ్వులు వాలి మోడులయ్యాయి. ఏ ఒక్క పంచాయతీ తన ఇంటి పన్నుతో దీన్ని ఆపగలదు?

అమలాపురం చుట్టూ చిక్కు మరోలా ఉంది. పట్టణం ఈదరపల్లి, బండారులంక వైపు ఎప్పుడో పాకింది గానీ పన్ను మాత్రం మున్సిపాలిటీ పొలిమేర గీత దగ్గరే ఆగిపోయింది. గీతకు ఇవతల మున్సిపాలిటీ 2021 నుంచి ఆస్తి మూలధన విలువను బట్టి పన్ను వేస్తోంది. అవతల పంచాయతీ లెక్క వేరు. ఏ లెక్కలో ఉన్న ఇల్లయినా, వాడిన నీళ్లను వదిలేది మాత్రం పల్లానికే.

అలాగైతే చుట్టుపక్కల ఊళ్లన్నీ పట్టణంలో కలిపేస్తే సరిపోతుంది కదా అనవచ్చు. కలిపితే పన్ను పెరుగుతుంది, గ్రామీణ ఉపాధి పనులు పోతాయి. పైగా గీత ఇంకో రెండు కిలోమీటర్లు జరుగుతుందే తప్ప చెరిగిపోదు. డ్రెయిన్ సముద్రం దాకా పోతుంది, మున్సిపాలిటీ పోలేదు కదా. అందుకే ఊళ్లను కలపడం కన్నా పైసలను కలపడం మేలు. గ్రంథాలయ సెస్సులాగే ఇంటి పన్ను మీద రూపాయికి కొన్ని పైసలు డ్రెయిన్ పద్దుగా వసూలు చేసి, ఒకే డ్రెయిన్‌కు నీళ్లు వదిలే ఊళ్లన్నీ ఉమ్మడిగా ఖర్చు పెట్టుకోవాలి.

డ్రెయిన్లు జలవనరుల శాఖవి కదా, మళ్లీ జనం మీద భారమెందుకు అన్నది న్యాయమైన ప్రశ్నే. పెద్ద డ్రెయిన్ల తవ్వకం ప్రభుత్వమే చేయాలి. కానీ వాటిలో గుర్రపుడెక్క పేరుకోవడం, చెత్త పడటం, గట్లు ఆక్రమణకు గురికావడం నిత్యం జరిగేవి. వాటికి ఏటా కాపలా ఉండాలి, అది రాజధాని నుంచి సాగదు. 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టాల్లో డ్రైనేజీ సెస్సుకు చట్టం చేశారు. అయితే అది పొలాల మీద వేసినది. ఇప్పుడు డ్రెయిన్లలో కలిసే నీరు పొలాలది మాత్రమే కాదు, ఇళ్లదీ.

2022 జులై వరదలో మునిగిన లంకవాసుల మీదా ఈ పైసలు వేస్తారా అంటే, వేయకూడదు. వాళ్లను మినహాయించాలి. మిగిలినచోట ఇంటి పన్నును బట్టే సెస్సు ఉంటుంది కనుక పెంకుటింటికి రూపాయల్లో, మేడకు వందల్లో పడుతుంది. కట్టాక ఏమైందో తెలియదన్న అనుమానానికి విరుగుడు ఒక్కటే: వసూలైనదెంత, ఏ డ్రెయిన్‌లో ఎంత దూరం బాగుచేశారో గ్రామసభలో చదివి వినిపించడం. పక్క ఊరి పూడిక మన చేను ముంచుతున్నప్పుడు, పక్క ఊరి లెక్క అడిగే హక్కు మనకు ఉండాలి. ఆ హక్కు ఖరీదే ఆ కొద్ది పైసలు.