టవర్ లేదు, సిమ్ లేదు.. అయినా స్పేస్ స్టేషన్ మీదుగా మాట్లాడొచ్చు!

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కరెంటు పోయింది, సెల్ సిగ్నల్ కూడా పోయింది. సిగ్నల్ లేకపోతే ఎంత ఫ్లాగ్‌షిప్ ఫోనైనా టార్చ్‌లైటే! మరి టవర్ అక్కర్లేని గ్యాడ్జెట్ ఉందా? ఉంది. 5 వాట్ల హ్యాండ్‌హెల్డ్ హామ్ రేడియో, చేత్తో పట్టుకునే యాగీ యాంటెన్నా. రిపీటర్ మాత్రం 400 కిలోమీటర్ల పైన ఉంటుంది.

ఎలా పనిచేస్తుంది?

మీరు 145.990 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడితే ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్‌లోని రిపీటర్ దాన్ని 437.800లో కిందికి పంపుతుంది. 67 హెర్ట్జ్ టోన్ పెట్టడం మర్చిపోతే మీ మాట వెళ్లదు. స్టేషన్ ఇద్దరికీ కనిపిస్తున్నంతసేపు శ్రీకాకుళం నుంచి ఢిల్లీతోనో, కొలంబోతోనో మాట్లాడొచ్చు. మన ఇస్రో కూడా 2005 మే 5న హామ్‌శాట్‌ని ప్రయోగించింది. అది 2014 వరకు పనిచేసింది.

ఎక్కడ నిలబడాలి?

కళింగపట్నం బీచ్ బెస్ట్. తూర్పున సముద్రమే కాబట్టి అడ్డేమీ ఉండదు. ఇంకో సరదా కూడా ఉంది. హామ్‌లు భూమిని గ్రిడ్‌లుగా విడగొట్టి లెక్కపెట్టుకుంటారు. విజయనగరం, శ్రీకాకుళం టౌన్లు ఎన్‌కే18లో ఉంటే, కళింగపట్నం ఎన్‌కే28లో ఉంది. బైక్ మీద వెళ్లొస్తే రెండు గ్రిడ్‌లు!

అసలు కిటుకు

పాస్ టైమ్, దిక్కు ట్రాకింగ్ యాప్ చెబుతుంది. స్టేషన్ గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి డాప్లర్ వల్ల ఫ్రీక్వెన్సీ జారుతుంది. 437.810 దగ్గర వినడం మొదలుపెట్టి, 437.790 వరకు దించుకుంటూ రావాలి. సౌండ్ తగ్గితే మణికట్టు తిప్పి యాంటెన్నాని అడ్డం నుంచి నిలువుకి మార్చి చూడండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్టీల్ టేపు, పీవీసీ పైపుతో యాంటెన్నా మీరే చేసుకోవచ్చు.

మైనస్‌లు

పాస్ మహా అయితే పది నిమిషాలు. ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. రిపీటర్ కొన్నిసార్లు ఆఫ్‌లో ఉంటుంది. కాబట్టి తుఫాను రోజు దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం. కానీ బ్యాటరీ పొదుపు, తక్కువ మాటల్లో విషయం చెప్పడం, యాంటెన్నా గురిపెట్టడం.. ఇవన్నీ ఇక్కడే అలవాటవుతాయి.

ట్రాన్స్‌మిట్ చేయాలంటే కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పాసై, లైసెన్స్ తీసుకోవాలి. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రేడియో కొనేముందు పుస్తకం కొనండి. తుఫాను వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు!