బిగువే బలం: పాత బుల్లెట్ స్పోకు చక్రం కథ

స్పోకు చక్రం బరువు మోసే తీరు ఎద్దుబండి చక్రం తీరుకు పూర్తిగా భిన్నం. బండి చక్రంలో కొయ్య ఆకులు నొక్కుడును తట్టుకుని బరువు మోస్తాయి, అందుకే అవి లావుగా ఉంటాయి. మోటారుసైకిల్ చక్రంలో ఉండేది సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు పుల్ల. నిలువునా నొక్కితే అది ఇట్టే వంగిపోతుంది. రెండు కొసలూ పట్టి లాగితే మాత్రం ఎంతో బలాన్ని తట్టుకుంటుంది. అందుకే ప్రతి పుల్లనూ ముందుగానే లాగి బిగిస్తారు. పుల్లలన్నీ కలిసి రిమ్మును హబ్బు వైపు లాగుతుంటే, గుండ్రంగా ఉన్న రిమ్ము ఆ ఒత్తిడిని చుట్టూ పంచుకుని ఆపుతుంది. చక్రం గట్టిదనమంతా ఈ బిగువులోనే ఉంది.

బండి రోడ్డు మీద నిలిచినప్పుడు, నేలకు తగిలే చోట రిమ్ము కాస్త అణుగుతుంది. అక్కడి పుల్లల్లో బిగువు తగ్గుతుంది. మిగతా పుల్లల్లో మార్పు చాలా తక్కువ. కింది పుల్లలు హబ్బును కిందికి లాగే బలం తగ్గినంత మేర, పైకి లాగే బలానిదే పైచేయి అవుతుంది. ఆ తేడాయే బండి బరువును మోస్తుంది. చక్రం తిరుగుతున్నంతసేపూ ప్రతి పుల్లా ఒక్కో చుట్టుకు ఒకసారి సడలి, మళ్లీ బిగుసుకుంటుంది. మొదటి బిగువు తగినంత ఉంటే ఈ సడలింపు వల్ల హాని లేదు. బిగువు చాలని పుల్ల మాత్రం ప్రతి చుట్టులోనూ పూర్తిగా వదులై, హబ్బుకు తగిలించే మెడ వంపు దగ్గరో, రిమ్ము వైపు మర మొదలయ్యే చోటో లోహం అలసి తెగిపోతుంది.

ఈ ఆలోచన రెండు శతాబ్దాల నాటిది. ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ కేలీ 1808లో ఎగిరే యంత్రానికి తేలికైన చక్రాల కోసం ఆలోచిస్తూ, కొయ్య ఆకులకు బదులు బిగించిన తాళ్లతో రిమ్మును నిలబెట్టవచ్చని గుర్తించాడు. పారిస్‌లో యూజీన్ మేయర్ 1869లో సైకిల్‌కు తీగ పుల్లల చక్రం చేసి పేటెంట్ పొందాడు. మరుసటి ఏడాది కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్ కలిసి ఏరియల్ అనే ఎత్తు చక్రపు సైకిల్‌కు పేటెంట్ తీసుకున్నారు.

తొలి చక్రాల్లో పుల్లలు హబ్బు నుంచి రిమ్ముకు తిన్నగా వెళ్లేవి. అలాంటి చక్రంలో హబ్బును తిప్పితే రిమ్ము తిరిగేలోగా పుల్లలు ఒక పక్కకు మెలి పడతాయి. 1874లో స్టార్లీ పుల్లలను హబ్బు అంచుకు స్పర్శరేఖలుగా, ఒకదాన్నొకటి దాటేలా అమర్చాడు. సగం పుల్లలు ముందుకు, సగం వెనక్కి ఒరిగి ఉంటాయి. హబ్బు మెలి తిరగబోతే ఒక సగం మరింత బిగుసుకుని ఆ బలాన్ని నేరుగా రిమ్ముకు చేరుస్తుంది. ఇంజను తోపు, బ్రేకు బలం రెండూ హబ్బు మీదే పడే మోటారుసైకిల్‌కు ఈ అల్లిక తప్పనిసరి అయింది. 1885లో డైమ్లర్ తయారుచేసిన తొలి మోటారు ద్విచక్రానికి కొయ్య చక్రాలే ఉన్నాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక, ఇరవయ్యో శతాబ్దం మొదటికి తీగ చక్రమే రివాజైంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా చేపట్టిన 350 సీసీ బుల్లెట్‌కూ ఇదే చక్రం: 19 అంగుళాల రిమ్ము, 40 పుల్లలు.

పాత బుల్లెట్ చక్రాన్ని తిరిగి అల్లే పని విప్పడంతో కాదు, కొలవడంతో మొదలవుతుంది. రిమ్ము హబ్బుకు సరిగ్గా నడిమధ్యన ఉండకపోవచ్చు. బ్రేకు డ్రమ్ము ఉన్న పక్క అది ఎంత జరిగి ఉందో, డ్రమ్ము ముఖం మీద తిన్నని పట్టీ ఆనించి కొలిచి రాసుకోవాలి. ఏ పుల్ల దేన్ని ఎక్కడ దాటుతోందో ఫొటో తీసి ఉంచాలి. తర్వాత, పుల్ల మర కొసను రిమ్ము దగ్గర పట్టి ఉంచే నిపిళ్లకు నూనె పట్టించి చుట్టూ కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒక పక్కే వదిలేస్తే రిమ్ము వంకరపోతుంది.

విడిన భాగాలను తరచి చూడాలి. రిమ్ము లోపలి తుప్పు, నిపిల్ గుంటల దగ్గర పగుళ్లు, హబ్బు బెజ్జాల సాగుదల, బేరింగుల అరుగుదల ముఖ్యం. ఆ గుంటలు పుల్ల వచ్చే దిక్కుకు ఒరిగి ఉంటాయి కాబట్టి రిమ్మును తిరగేసి వేయకూడదు. పుల్ల పొడవును మెడ వంపు లోపలి నుంచి మర కొస వరకు కొలుస్తారు. హబ్బు అంచుకు లోపలి వైపు నుంచి వచ్చే పుల్లలకూ, బయటి వైపు నుంచి వచ్చే వాటికీ మెడ వంపు వేరు. మరను కోసి తీసిన పుల్లల కంటే ఒత్తి తీసినవి మేలు. ఒత్తినప్పుడు లోహపు పోగులు తెగవు.

40 పుల్లలు నాలుగు పదులుగా ఉంటాయి: హబ్బుకు రెండు అంచులు, ఒక్కో అంచుకు లోపలివి పది, బయటివి పది. ముందు లోపలి పుల్లలు ఎక్కించాలి. బయటివి ముందు వేస్తే లోపలివి దూరవు. ఒక్కో పది రిమ్ములో ప్రతి నాలుగో బెజ్జంలోకి వెళుతుంది. నిపిళ్లను కొన్ని మరలు మాత్రమే పట్టించి, నలభయ్యీ చేరాకే సమంగా బిగించడం మొదలుపెట్టాలి.

ఆ తర్వాత చక్రాన్ని స్టాండుకు ఎక్కించి బెండు తీస్తారు. రిమ్ము పైకి ఉబ్బిన చోట రెండు పక్కల పుల్లలనూ బిగిస్తే లోపలికి వస్తుంది. కుడికి ఒరిగిన చోట కుడి పుల్లలు వదిలి ఎడమవి బిగించాలి. మొదట రాసుకున్న కొలతకు రిమ్ము చేరేదాకా ఒక వైపు పుల్లలను చుట్టూ సమంగా బిగిస్తూ పోవాలి. ఈ మూడు సవరణలూ ఒకదాన్నొకటి కదిలిస్తాయి. కాబట్టి ప్రతిసారీ పావు చుట్టో అర చుట్టో తిప్పుతూ మళ్లీ మళ్లీ చూడాలి.

బిగువు సమానంగా ఉందో లేదో చెవి చెబుతుంది. పుల్లను స్పానరుతో తట్టితే బిగువును బట్టి స్వరం హెచ్చుతుంది. ఒకే రకం, ఒకే పొడవు పుల్లలన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. రిమ్ము తిన్నగా కనిపించినా స్వరాలు కలవకపోతే పని పూర్తి కానట్టే. ఎక్కువ బిగువు మోస్తున్న పుల్లలు సాగేకొద్దీ చక్రం మళ్లీ వంకరపోతుంది. జంట పుల్లలను చేత్తో గట్టిగా దగ్గరికి నొక్కి వదిలితే మెడ వంపులు హబ్బులో కుదురుకుంటాయి. అప్పుడు బెండు మరోసారి చూడాలి.

చివరగా నిపిల్ దాటి పొడుచుకొచ్చిన పుల్ల కొసలను ఆకురాయితో రాసి, రిమ్ము టేపు చుట్టాలి. లేకుంటే ట్యూబు పంక్చరవుతుంది. పుల్లల బిగువు డ్రమ్మును కూడా కొద్దిగా లాగుతుంది కాబట్టి, డ్రమ్ముకు లేతు పని ఉంటే అల్లిక అయ్యాకే చేయించాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక పుల్లలను మళ్లీ తట్టి చూసి, సడలిన వాటిని బిగించాలి. ఆ తర్వాత ప్రతి సర్వీసులోనూ ఆ పరీక్ష చేస్తుంటే, తెగిన ఒక్క పుల్లను మార్చుకుంటూ అదే చక్రాన్ని దశాబ్దాలు నడపవచ్చు.