తార్నాక నుంచి మౌలాలి గుట్ట దాకా.. మహలకాబాయి జాగీరులో ఒక రోజు

సెలవులు వస్తే చాలు, కోటలూ దర్గాలూ చూడాలని మనవాళ్లు ఎక్కడెక్కడికో బయల్దేరతారు. ఉస్మానియా క్యాంపస్, తార్నాక చుట్టుపక్కల ఉండేవాళ్లకు అంత దూరం అక్కర్లేదు. పాత ఊళ్లు, కోటలాంటి కట్టడం, మెట్ల బావి, గుట్ట మీద దర్గా.. అన్నీ ఒక్క పూటలో చూసి రావచ్చు. వీటిలో చాలావాటిని కలిపే పేరు మహలకాబాయి చందా.

ఎవరీమె?

1768లో పుట్టిన ఈమె అసలు పేరు చందా బీబీ. తవాయిఫ్‌గా, ఉర్దూ కవయిత్రిగా పేరు తెచ్చుకున్నారు. గుర్రపు స్వారీ, విలువిద్య కూడా వచ్చు. రెండో నిజాం దర్బారులో ఆమె మాటకు విలువ ఉండేది. దర్బారు నుంచి ఆమెకు జాగీర్లు దక్కాయి. అందులో ఒకటి అడిక్‌మెట్. ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ఉన్నది ఆ నేల మీదే. ఆమె గజళ్ల దీవాన్ 1824లో, ఆమె చనిపోయాక అచ్చయింది.

తార్నాక పేరు

తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. ఇక్కడి పండ్ల తోటకు ముళ్ల తీగ కంచె వేసి, కాపలా చౌకీ పెట్టడంతో ఈ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. తోట పోయింది, కంచె పోయింది. పేరు మాత్రం మెట్రో స్టేషన్ బోర్డు మీద ఉంది.

ఆర్ట్స్ కాలేజీ, బావి

యూనివర్సిటీ స్థాపనకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చారు. పై చదువులు ఉర్దూలో చెప్పిన యూనివర్సిటీ ఇది. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేశారు, 1939లో ప్రారంభించారు. ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ చేసిన ఈ గులాబీ రంగు రాతి కట్టడం ముందు నిలబడి కమాన్లు, స్తంభాలు తీరిగ్గా చూడండి. మసీదు పోలికా కనిపిస్తుంది, గుడి పోలికా కనిపిస్తుంది. మహలకాబాయి కాలానిదిగా చెప్పే మెట్ల బావి కూడా క్యాంపస్ వైపే ఉంది.

మౌలాలి గుట్ట

తార్నాక నుంచి లాలాపేట మీదుగా వెళ్తే మౌలాలి వస్తుంది. కుతుబ్ షాహీల కాలంలో, 1578లో యాఖూత్ అనే దర్బారు ఉద్యోగికి హజ్రత్ అలీ కలలో కనిపించారని, గుట్ట మీది రాతిపై చేతి గుర్తు దొరికిందని కథ. ఇబ్రహీం కుతుబ్ షా అక్కడ దర్గా కట్టించారు. రజబ్ నెల 17న జరిగే వేడుకకు షియాలు, సున్నీలు, హిందువులు అందరూ వస్తారు. వందల మెట్లు ఎక్కాలి కాబట్టి పొద్దున్నే వెళ్లడం మంచిది.

గుట్ట కింద తల్లి రాజ్ కన్వర్ కోసం మహలకాబాయి 1792లో సమాధి కట్టించారు. తర్వాత ఆమెనూ అక్కడే ఖననం చేశారు. పాడుబడిన ఈ తోట, సమాధులను 2010-11లో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు.

మన పని

తన ఆస్తిని దిక్కులేని ఆడవాళ్లకు చెందేలా ఆమె రాసిచ్చారని చెబుతారు. ఇవాళ అదే జాగీరు నేల మీద వేలమంది ఆడపిల్లలు పీహెచ్‌డీ దాకా చదువుతున్నారు. కానీ ఆమె పేరు తెలిసినవాళ్లు ఎందరు? బయటి డబ్బుతో రాళ్లు బాగుపడతాయి, జ్ఞాపకం మాత్రం మనమే కాపాడుకోవాలి. వెళ్లినప్పుడు గోడల మీద పేర్లు చెక్కకండి, బావిలో చెత్త వేయకండి. వెంట పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లు రోజూ తిరిగే నేల ఎవరిదో చెప్పండి.