పుచ్చకాయ పచ్చిపులుసు

ఎండాకాలంలో పుచ్చకాయ తినమని ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే పుచ్చకాయ తిన్నంత మాత్రాన చెమటలో పోయినదంతా తిరిగి వచ్చినట్టేనా? లేదు. అందులో ఒక్కటి తక్కువ. దాన్ని చేర్చుకోవడానికి మంచి ఉపాయం పుచ్చకాయను చల్లని చారుగా చేసుకోవడం. ఆ చారు గురించీ, దాని వెనక ఉన్న సైన్సు గురించీ నాలుగు మాటలు చెబుతాను.

ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే మన ఒంటినుంచి సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోవాలి. కొత్తకుండలో నీళ్ళు చల్లబడేదీ ఈ సూత్రం మీదనే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున కుండనీళ్ళు చల్లబడవు, మన చెమటా ఆరదు. కోస్తాలో ఉక్కపోత ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేయక తప్పని కూలివాళ్ళకే ఈ ముప్పు ఎక్కువ గదా!

చెమటతో నీరే కాక ఉప్పూ పోతుంది. మనిషినిబట్టి తేడా ఉన్నా, లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం ఉంటుందనుకోవచ్చు. “ఉప్పులేని నీళ్ళు ఎన్ని తాగినా నీరసం పోదురా” అని మా అమ్మ అంటుంది. ఆ మాటకు శాస్త్రం బలం ఉంది. చిన్నప్రేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. ఈ సంగతిని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సభలో ప్రతిపాదించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళతోనే ఎందరో కలరా రోగులను బతికించాడు.

ఇక పుచ్చకాయ సంగతి చూద్దాం. నూరు గ్రాముల గుజ్జులో 91 గ్రాములకు పైగా నీరు, సుమారు 6 గ్రాముల చక్కెరలు, నూరు మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటాయి. సోడియం మాత్రం ఒక్క మిల్లీగ్రామే! నీరుంది, తీపి ఉంది, ఉప్పు లేదు. ఆ లోటు తీర్చడానికి మనకు తెలిసిన పద్ధతి ఒకటి ఉండనే ఉంది. పొయ్యి మీద కాచకుండా చేసే తెలంగాణా పచ్చిపులుసే అది. అందులో వేసే బెల్లానికీ నీళ్ళకూ బదులు పుచ్చగుజ్జు వాడితే సరి. స్పెయిన్ దేశంలో ఎండలు మండే ఆండలూసియాలో పొలం పనివాళ్ళు తాగే గజ్‌పాచో కూడా కాచని చారే. పుచ్చకాయతోనూ దాన్ని చేస్తారు.

నలుగురికి చేసే విధానం: కిలో గుజ్జును గింజలు తీసి చేత్తో మెదపాలి. సగం నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికిన పులుసు కలపాలి. కాల్చిన పచ్చిమిరపకాయ ఒకటి, అర టీస్పూను ఉప్పు కలిపి నలిపి వేయాలి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించిన జీలకర్ర పొడి చేర్చాలి. అర టీస్పూను ఉప్పంటే సుమారు 3 గ్రాములు, అందులో సోడియం 1.2 గ్రాములు. లీటరు చెమటలో పోయినదానికి దాదాపు సరిపోతుంది. దీన్ని కాచకూడదు. కాస్తే పుచ్చకాయ వాసన పోయి ఉడికిన గుమ్మడికాయ వాసన వస్తుంది. చల్లదనానికి గిన్నె చుట్టూ తడిగుడ్డ చుట్టి గాలి తగిలేచోట పెడితే చాలు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పుచ్చకాయకు పులుపు తక్కువ కాబట్టి కోసిన గుజ్జులో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. చింతపండు పులుపు ఉంది గదా అని నిలవ పెట్టకూడదు. కోసేముందు తొక్కను కడగాలి, చేసిన గంటలోపు తాగెయ్యాలి. రక్తపోటు ఉన్నవాళ్ళు ఉప్పు విషయంలో, మధుమేహం ఉన్నవాళ్ళు తీపి విషయంలో డాక్టరును అడగాలి. విరేచనాలకు ఇది మందు కాదు, ఓ.ఆర్.ఎస్. పొట్లమే వాడాలి. వడదెబ్బకు స్పృహ తప్పినవాడి నోట్లో ఏదీ పోయకూడదు. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పుచ్చ పండించే ఇంటివాడిగా ఇంకొక్క మాట. బేరగాడు నున్నటి పెద్దకాయలు ఏరుకుని, చిన్నవాటినీ వంకరవాటినీ గట్టుమీద వదిలేసి పోతాడు. ఆకారం బాగులేకపోయినా లోపలి నీరు, తీపి అవే. తొక్క పగలని అలాంటి కాయలను మన హాస్టలు మెస్సులు చవగ్గా కొని, ఏప్రిల్ నెలంతా మధ్యాహ్నం పూట ఈ పులుసు పోస్తే ఎంత బాగుంటుంది! రైతుకు నాలుగు డబ్బులు, మనకు కాస్త ఓపిక. కోతకు వచ్చిన కూలివాళ్ళకూ మంచినీళ్ళ కుండ పక్కన ఈ పులుసు కుండ ఒకటి పెట్టాలని నా మనవి. దానికి కావలసినవన్నీ చేలోనో వంటింట్లోనో ఉన్నవే.