ముంపు లెక్కకు రాని మనస్సు

పాపికొండల నడుమ ఒదిగి ప్రవహించిన గోదావరి పోలవరమువద్ద మైదానమున అడుగిడి, విశాలమై, ధవళేశ్వరము దెసకు సాగిపోవుచోట, 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడిన మహాజలాశయము రూపుదాల్చుచుండగా, దాని వెనుకనున్న దేవీపట్నము, కూనవరము, వరరామచంద్రాపురము, చింతూరు, కుకునూరు, వేలేరుపాడు మున్నగు ప్రాంతములలో సుమారు లక్ష కుటుంబములు ముంపు జాబితాలకెక్కినవి. ఎకరములెన్ని, ఇల్లెంత, చింతచెట్లెన్ని యని అధికారులు లెక్కించిరి. ఆ యిల్లు విడిచినవారికి నిద్ర పట్టుచున్నదా యని అడుగుటకు ఏ పట్టికలోను గడి లేదు.

2013 నాటి భూసేకరణ చట్టపు మూడవ అనుబంధమును చదివితిని. పునరావాస గ్రామమునకు రోడ్డు, మురుగుకాలువ, త్రాగునీరు, పశువులకు మేతబీడు, తపాలా కార్యాలయము, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రము, గుడి, తుదకు శ్మశానము సైతము ఉండవలెనని తలచి తలచి వ్రాసిన యా చేయి, దుఃఖితుని మాట ఆలకించువారొకరుండవలెనని మాత్రము వ్రాయలేదు.

2019 సెప్టెంబరు 15న ఈ గోదావరిలోనే కచ్చులూరువద్ద పర్యాటకుల పడవ మునిగినపుడు, అందున్న 77 మందిలో 26 మందియే ప్రాణములతో బయటపడిరి. పడవను వెలికి దీయుటకు నెలకు పైగా పట్టెను. ఆ శిథిలమును గూర్చి పత్రికలు నిత్యము వ్రాసినవి. ఇట్టి విపత్తుల పిదప, భార్యనో బిడ్డనో చేజార్చుకొని తానొక్కడు తేలినవాడు ‘నేనెందుకు మిగిలితిని?’ అని తన్ను తానే దోషిగా నిలబెట్టుకొనుట, నీటిచప్పుడు వినబడిన రాత్రి ఉలికిపడి లేచుట వార్తలు కావు.

ముంపు మరియొక విధమగు గాయము. ఏ వెదురు ఏ నెలలో కొట్టవలెనో, ఏ అడవిదుంప ఎన్నిమార్లు ఉడికించిన విషము విరుగునో యెరిగి, కొండపై పదిమందికి తీర్పు చెప్పిన కొండరెడ్డి తెగ పెద్ద, కాలనీ వరుసలో ఒక నంబరై, ప్యాకేజీ కాగితము చేతబట్టి ఆఫీసు వరండాలో నిలుచున్నపుడు, భూమికంటె ముందుగా అతని చేజారునది తాను పనికివచ్చువాడనను నమ్మిక. ‘ఒట్టి బెంగ, అదే అలవాటవుతుంది’ అని చుట్టుపట్లవారందురు. సారాకు అలవాటుపడువారును కలరు.

బెంగుళూరు నిమ్‌హాన్స్ సారథ్యమున 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ అను మానసిక ఆరోగ్య ఫోను సేవకు నంబరు 14416. తెలుగున మాటాడువారుందురు, రేయింబవళ్లు పలుకుదురు, పైసా పుచ్చుకొనరు. రాజమహేంద్రవరమునకో విశాఖకో బస్సెక్కి, ఒకనాటి కూలి పోగొట్టుకొని, ‘పిచ్చాసుపత్రికి పోయొచ్చాడు’ అను మాట కూడ మోయవలసినవానికి ఇది యెంత వెసులుబాటో! నేర్పుగల కౌన్సెలరు తొలిమాటలోనే గాయమును కెలకరు. అరికాళ్లు నేలకు ఆన్చుమందురు. ఊపిరి మెల్లగా విడువుమందురు. ఎదుట కనబడు ఐదు వస్తువుల పేర్లు చెప్పుమందురు. గుంజ, బిందె, మంచపుకోడు, కోడిపెట్ట, పొయ్యి. వరదలో చిక్కుకొన్న చిత్తము ఈ వాకిటికి, ఈ దినమునకు మెల్లగా తిరిగివచ్చును. కొన్ని వారములకు ఆ కొండరెడ్డి పెద్దను వెదురు సంగతి అడుగుదురు. మనుమనికి తట్ట యల్లుట నేర్పుమని పనిపెట్టుదురు. పొగడ్తకు లొంగని ఆత్మన్యూనత, తన చేతిపనిని తాను మరల చూచుకొన్ననాడు కొంత సడలును.

కోలుకొనుటకు తొలిమెట్టు భద్రతయనియు, స్మరణవిలాపములు ఆ తరువాతివనియు అమెరికా వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన గ్రంథమున చెప్పెను. ఈ మాటను మన యేటిగట్టున నిలిపి చూడుడు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 70 అడుగులు దాటెను; ఇంకను కదలని ముంపు పల్లెలవారు గుట్టలెక్కి తలదాచుకొనిరి. ప్రతి యాషాఢమున ఆకాశము చూచి గుండె దడదడలాడువానికి భద్రత యెక్కడిది? పరిహారము నిలిపియుంచి ఫోనులో ఓదార్పు పలికించుట అన్యాయమని నా నిశ్చయము. ఇల్లు, భూమి, ప్యాకేజీ చేతికందవలెను. మాట వాటికి తోడుగా రావలెను.

చిక్కులు మరికొన్ని కలవు. రెండు గదుల యింట ఎనమండుగురు వినుచుండ, వారిలో కొట్టు మగడే యొకడైనపుడు, ఆ యిల్లాలు ఫోనులో ఏమి చెప్పుకొనగలదు? కొండమలుపులలో సిగ్నలు తెగిపోవును. కోయ ముసలమ్మకు తన యేడుపు తెలుగున రాదు. చావు తలపు పుట్టినవానికి దూరపు గొంతు చాలదు, ప్రక్కన మనిషి, చేరువలో వైద్యుడు కావలెను. కావున ప్రతి కాలనీ ఉపకేంద్రమున తలుపు మూసుకొను గది, తెగని సిగ్నలు, కోయభాష యెరిగిన ఆశా కార్యకర్త, వారము వారము మారిపోని ఒకే కౌన్సెలరు, ఇవన్నియు దయగా కాక, పునరావాసపు పద్దులోనే వ్రాయించుకొనవలెను.