లాగితే బిగుస్తుంది.. తిప్పితే వదులుతుంది!
కారు గాలి గొట్టం ఊడదీయడంలో మెలకువలు

కారు ఎయిర్‌ ఫిల్టర్‌ మార్చుకోవడం పెద్ద విద్యేమీ కాదు. బానెట్‌ ఎత్తి, పెట్టె క్లిప్పులు విప్పి, పాతది తీసి కొత్తది పెడితే పని పూర్తయినట్లే. పావుగంటలో ముగియాల్సిన ఈ పని సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఒక్కచోటే. ఫిల్టర్‌ పెట్టె నుంచి ఇంజిన్‌కు గాలిని చేర్చే రబ్బరు గొట్టం ఊడిరాదు. చాలా కార్లలో ఈ గొట్టం వదులైతే గానీ పెట్టె మూత పైకి లేవదు. ఓపిక నశించిన యజమాని బలమంతా పెట్టి లాగుతారు. గొట్టమైనా చిరుగుతుంది, అది తొడిగి ఉన్న ప్లాస్టిక్‌ మూతి అయినా విరుగుతుంది. ఫిల్టర్‌ ఖరీదుతో పోవాల్సిన పని వేల రూపాయల్లోకి వెళుతుంది.

దుమ్ము ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఫిల్టర్‌ను నిర్ణీత గడువుకు ముందే చూసుకోవాలని కార్ల కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. తాండూరు, బేతంచెర్ల నాపరాతి గనుల దారులు, పిడుగురాళ్ల సున్నపురాయి బట్టీల పరిసరాలు, కరీంనగర్‌ గ్రానైట్‌ క్వారీల రోడ్లు ఈ కోవలోకే వస్తాయి. కోతల కాలంలో రోడ్లపై ధాన్యం ఆరబోసినపుడు లేచే పొట్టు సంగతి చెప్పనక్కర్లేదు. ఈ ప్రాంతాల్లో పెట్టె తెరవాల్సిన అవసరం తరచూ వస్తుంది కాబట్టి గొట్టంతో పేచీ కూడా తరచూ వస్తుంది.

ఎందుకు మొండికేస్తుంది?

ఇంజిన్‌ వేడికి రబ్బరు ఏళ్ల తరబడి కాగుతూ, ఆరుతూ ఉంటుంది. దానిలోని మెత్తదనం క్రమంగా పోయి గట్టిపడుతుంది. పైన క్లిప్పు నొక్కి ఉంచడంతో లోపలి మూతి ఆకారంలోనే స్థిరపడిపోతుంది. ఇంజిన్‌ నుంచి వచ్చే నూనె ఆవిరి, దుమ్ము కలిసి సందుల్లో జిగురులా పేరుకుంటాయి. మూతి అల్యూమినియందైతే దానిపై తెల్లని పొర కట్టి రబ్బరును మరింత పట్టేస్తుంది.

ఇలా అతుక్కున్న గొట్టాన్ని తిన్నగా లాగడమే అసలు పొరపాటు. లాగినపుడు రబ్బరు పొడవు సాగుతుంది. పొడవు సాగిన కొద్దీ చుట్టుకొలత తగ్గి, మూతిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి బిగిసిన ఉంగరాన్ని ఎవరూ లాగరు. సబ్బు రాసి, అటూ ఇటూ తిప్పుతూ తీస్తారు. గొట్టానికీ అదే పద్ధతి. రెండు చేతులతో మూతికి దగ్గరగా పట్టుకుని ముందు కుడికి, తర్వాత ఎడమకు మెలితిప్పాలి. కొద్దిగా కదిలిందంటే జిగురు తెగినట్లే. ఆపై తిప్పుతూ నెమ్మదిగా వెనక్కి జరుపుకోవచ్చు.

ముందు చుట్టూ వెతకాలి

అతుక్కుందనుకున్న భాగం చాలాసార్లు అతుక్కుని ఉండదు, ఇంకా బిగించే ఉంటుంది. పెట్టె అడుగున ఒక బోల్టు, వెనక వైపు ఒక సన్నని ఆవిరి గొట్టం, పక్కన సెన్సర్‌ తీగల సాకెట్టు కంటికి ఆనవు. చేతి ఫోన్‌ను లోపలికి పెట్టి ఫొటో తీసి చూస్తే ఇవి దొరుకుతాయి. పని మొదలుపెట్టే ముందు తీసిన అదే ఫొటో తిరిగి బిగించేటపుడు కూడా అక్కరకొస్తుంది. సాకెట్టును తీగ పట్టుకుని లాగకూడదు. పైనున్న నాలుకను నొక్కి, సాకెట్టునే పట్టుకుని తీయాలి. కొన్నింటికి నాలుకపై మరో చిన్న తాళం ఉంటుంది. దాన్ని ముందు జరపాలి.

క్లిప్పును కాస్త వదులు చేసి ఊరుకోవడం మరో పొరపాటు. పూర్తిగా విప్పి, గొట్టంపై వెనక్కి జరిపేయాలి. స్క్రూ గాడి అరిగిపోతే స్క్రూడ్రైవర్‌తో కుస్తీ పట్టడం వృథా. ఆ స్క్రూ తలకు సాధారణంగా ఆరు పలకలుంటాయి. సరిపడే సాకెట్‌ స్పానర్‌తో తిప్పితే సులువుగా వస్తుంది.

వేడి మంచిదే, మంట కాదు

గట్టిపడిన రబ్బరుకు కొంత వేడి తగిలితే మెత్తబడుతుంది. బండి నడిపి వచ్చాక అరగంట ఆగి, చేయి పెట్టగలిగేంత గోరువెచ్చగా ఉన్నపుడు ప్రయత్నించడం మేలు. తాళంచెవి తీసి పక్కన పెట్టాలి. వేడి ఇంజిన్‌పై రేడియేటర్‌ ఫ్యాను దానంతటదే తిరిగే వీలుంది. అప్పటికీ కదలకపోతే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను గొట్టం చివర చుట్టి కొన్ని నిమిషాలు ఉంచాలి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు ఉన్నా సరిపోతుంది. లైటర్‌, కొవ్వొత్తి జోలికి మాత్రం పోకూడదు. పక్కనే పెట్రోలు ఆవిరి ఉంటుంది.

గొట్టం అంచు కింద స్క్రూడ్రైవర్‌ దూర్చి పైకి లేపడం షెడ్లలో కూడా కనిపించే అలవాటు. మూతిపై పడిన ఆ గీత నుంచే తర్వాత గాలి దూరుతుంది. పాత టూత్‌బ్రష్‌ పిడి లాంటి మొండి వస్తువుతో అంచును చుట్టూ వదులు చేసి, సందులో రెండు చుక్కలు సబ్బునీళ్లు వేస్తే చాలు. ఇంజిన్‌ ఆయిల్‌, తుప్పు వదిలించే స్ప్రేలు కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తాయి. సిలికాన్‌ స్ప్రే రబ్బరుకు హాని చేయకున్నా, దాని ఆవిరి ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ సెన్సర్‌ను పాడు చేస్తుంది.

వేలెడు లావు కూడా లేని సన్నని గొట్టాలతో మరింత జాగ్రత్త అవసరం. అవి తొడిగి ఉన్న ప్లాస్టిక్‌ ముక్కులు పుల్లల్లా విరుగుతాయి. పాత గొట్టాన్ని ఎటూ మార్చేదుంటే బ్లేడుతో నిలువునా పైపైన కోసి విప్పేయడమే ఉత్తమం. లోపలి ముక్కుకు గాటు పడకుండా చూసుకోవాలి. గొట్టం పోతే అడుగు ముక్క కొంటే సరిపోతుంది, ముక్కు పోతే ఆ భాగం మొత్తం మార్చాలి.

తెరిచిన నోరు

గొట్టం ఊడిన తర్వాతే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఇంజిన్‌ గాలి దారి అప్పుడు బార్లా తెరిచి ఉంటుంది. గొట్టం తీయకముందే చుట్టుపక్కల మట్టిని తడిగుడ్డతో తుడిచి ఉంచాలి. తీసిన వెంటనే మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. అది పెద్దదై, సగం బయటికి వేలాడుతుండాలి. లోపల మరిచిపోయి ఇంజిన్‌ స్టార్ట్‌ చేస్తే ఇబ్బందే. విప్పిన స్క్రూలను లెక్కపెట్టి గిన్నెలో వేయాలి. టర్బో ఉన్న డీజిల్‌ కార్లలో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే చక్రం ఆ దారిలోనే ఉంటుంది. చిన్న స్క్రూ పడినా దాని రెక్కలు మిగలవు. ఇసుక రేణువులైతే వెంటనే ఏమీ చేయవు. సిలిండర్‌ గోడలను, పిస్టన్‌ రింగులను రేగుమాలులా అరగదీస్తాయి. కొన్నాళ్లకు బండి ఆయిల్‌ తాగడం మొదలుపెట్టాక గానీ విషయం తెలియదు.

తిరిగి బిగించే ముందు గొట్టం మడతలను వంచి, పగుళ్లున్నాయేమో చూడాలి. మడతల లోతులో ఉన్న పగులు తిన్నగా ఉన్నపుడు కనిపించదు. గాలిని కొలిచే సెన్సర్‌ ఫిల్టర్‌ పెట్టె వద్దే ఉన్న కార్లలో, ఆ తర్వాతి పగులు నుంచి దూరిన గాలి లెక్కలోకి రాదు. ఇంధనం చాలక బండి ఆగినచోట వణుకుతుంది, ఇంజిన్‌ హెచ్చరిక దీపం వెలుగుతుంది. మూతిని తుడిచి, గొట్టాన్ని చివరంటా తొడిగి, క్లిప్పును తగినంత మాత్రమే బిగించాలి. అతిగా బిగిస్తే అది రబ్బరును కోస్తుంది. ఇంజిన్‌ స్టార్ట్‌ చేశాక బుస్సుమన్న శబ్దం వినిపిస్తే గొట్టం సరిగా కూర్చోలేదన్నమాట.

తిప్పేటపుడు గొట్టానికి బదులు మూతే కదులుతున్నట్లు అనిపించినా, చిటుక్కుమన్నా అక్కడితో ఆపి క్లిప్పు తిరిగి బిగించేయాలి. గొట్టం ఊడకున్నా బండి నడుస్తుంది, తనంతట తానే మెకానిక్‌ షెడ్డుకు చేరుతుంది. మూతి విరిగిన తర్వాతైతే దాన్ని మరో వాహనానికి కట్టి తీసుకెళ్లాలి.