అయానుల బోను – దాని ఆకారము

అణువును త్రాసులో వేసి తూచలేము. కాని దానికి విద్యుదావేశమిచ్చి అయానుగా మార్చినచో, విద్యుత్ క్షేత్రములో అది నడచు తీరునుబట్టి దాని ద్రవ్యరాశిని కనుగొనవచ్చును. ఈ పనిచేయు యంత్రము మాస్ స్పెక్ట్రోమీటరు. ఇందులో ఒక రకము అయానులను గోడలకు తగులనీయక నడుమనే బంధించి ఉంచి, పిదప తూచును.

గోడలకు తగులకుండ బంధించుట ఎట్లు? మారని విద్యుత్ క్షేత్రముతో ఇది సాధ్యము కాదని ఎర్న్‌షా అను ఆంగ్లేయుడు 1842లోనే చూపెను. ఒక దిక్కున లోనికి నెట్టు క్షేత్రము మరియొక దిక్కున వెలుపలికి లాగి తీరును. గుఱ్ఱపు జీను మీద గోళీనుంచినచో ముందు వెనుకలకు పోదు, ప్రక్కలకు జారిపడును. అయితే జీనును తగిన వేగముతో త్రిప్పినచో, గోళీ జారిపోవులోపలనే ఎత్తైన భాగము దానికి అడ్డము వచ్చును. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయమునకు చెందిన వుల్ఫ్‌గాంగ్ పౌల్ 1950 తరువాత కనిపెట్టిన ఉపాయము ఇట్టిదే. 1989లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించినది. జీను ఆకారమును ప్లాస్టరుతో చేసి, చిన్న మోటారుపై త్రిప్పి, దీనిని తరగతిలోనే చూపవచ్చును.

పౌల్ బోనులో నడుమ ఒక లోహపు కంకణము, క్రింద పైన రెండు మూతలు ఉండును. కంకణమునకిచ్చు వోల్టేజి సెకనుకు 10 లక్షల సార్లకు పైగా దిశ మార్చుకొనును. లోహపు లోతలములను అతిపరావలయపు వంపుతో చెక్కుదురు. కారణమేమన, అప్పుడు కేంద్రమునుండి దూరము రెట్టింపైనచో బలము కూడ సరిగా రెట్టింపగును. గడియారపు లోలకమువలె, ఊగు వేగము ఊపు వెడల్పుపై ఆధారపడదు. వోల్టేజిని క్రమముగా పెంచినచో ముందు తేలిక అయానులు, పిదప బరువైనవి నిలకడ తప్పి, మూతలోని రంధ్రములగుండ వెలువడును. ఏ వోల్టేజివద్ద వెలువడినదో అదే దాని ద్రవ్యరాశికి గుర్తు.

చిక్కంతయు ఆ రంధ్రములతోనే వచ్చినది. రంధ్రమున్నచోట క్షేత్రము బలహీనపడును. ఊపు పెరిగి రంధ్రమును సమీపించిన అయాను, అక్కడ బలము తగ్గుటచే మరల నిలకడ పొంది, వెలువడక జాగుచేయును. ఎంత జాగన్నది అన్ని అయానులకు సమానము కాదు. లోపల పలుచగా నింపిన హీలియముతో ఢీకొని కొన్ని సులభముగా విరుగును, కొన్ని విరుగవు. అందుచే ద్రవ్యరాశి తప్పుగా కనబడినది. అదియు ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క విధముగా. ఒక్క ప్రమాణము తేడా వచ్చినను పదార్థమే మారిపోవును గనుక రసాయన శాస్త్రజ్ఞునకు ఇది చిన్న దోషము కాదు.

1980 తరువాత అమెరికాలోని ఫిన్నిగన్ సంస్థవారు మూతలను లెక్కప్రకారము ఉండవలసిన దూరముకంటె సుమారు 10.8 శాతము ఎడముగా జరిపిరి. గణితము దృష్టిలో ఇది చక్కని ఆకారమును చెడగొట్టుటయే! కాని ఇప్పుడు అంచువైపు క్షేత్రము కొంచెము ఎక్కువ బలముతో పెరుగుటచే, ఊపు పెరిగిన అయాను తడయక వెలుపలికి పోవును. 2002లో ప్రచురింపబడిన నాలుగు కడ్డీల పొడవు బోనులో కూడ, అయానులు వెలువడు చీలికలున్న కడ్డీలను ఈ కారణముచేతనే కొంచెము వెలుపలికి జరిపియున్నారు.